డబ్లిన్‌లో అసలైన ఐరిష్ సంగీతం ఎక్కడ వినాలి? టెంపుల్ బార్ కాకుండా చెప్పండి

వానగొడుగు:
చదువు కోసం డబ్లిన్ వచ్చాను. వీకెండ్ వస్తే చాలు, ఫ్రెండ్స్ టూరిస్టుల పబ్బులుండే టెంపుల్ బార్ పేటకే లాక్కెళ్తారు. గిటారు, మైకు, అందరికీ నోటికొచ్చిన అవే పాటలు, జనం గోల. సరదాగానే ఉంటుంది కానీ ఐరిష్ సంగీతం అంటే ఇంతేనా అనిపిస్తోంది. ఫిడిల్, ఫ్లూట్ పట్టుకుని ఓ మూల కూర్చుని వాళ్ళలో వాళ్ళు వాయించుకునేవాళ్ళు ఉంటారట కదా, వాళ్ళు ఎక్కడ దొరుకుతారు? నేను మందు ముట్టను, ఊరికే కూర్చుంటే ఏమైనా అంటారా అని ఒక టెన్షన్. ఇంకొకటి, చిన్నప్పటి నుంచి కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను, వచ్చేటప్పుడు తెచ్చుకున్నాను కూడా. దాన్ని పట్టుకెళ్ళి వాళ్ళతో కలవొచ్చా, లేక లేచి పొమ్మంటారా?

రెడ్‌లైన్ రాజు:
ముందు స్మిత్‌ఫీల్డ్ వెళ్ళండి. లువాస్ ట్రామ్ రెడ్ లైన్‌లో స్మిత్‌ఫీల్డ్ స్టాప్‌లో దిగి, స్క్వేర్ అంతా నడిచి నార్త్ కింగ్ స్ట్రీట్ వైపు వస్తే కాబుల్‌స్టోన్ పబ్ కనబడుతుంది. ముందు గదిలోనే ఓ మూల వాయించేవాళ్ళది. 2021లో దాని చుట్టూ తొమ్మిది అంతస్తుల హోటల్ కడతామని ప్లాన్ పెట్టారు, వెనక గది పోతుందని తెలిసి జనం వాయిద్యాలు పట్టుకుని రోడ్డెక్కారు, చివరికి సిటీ కౌన్సిల్ పర్మిషన్ ఇవ్వలేదు. ఒక పబ్బు కోసం ఊరు అంత గొడవ చేసిందంటే అక్కడ ఏదో ఉన్నట్టే కదా.

సెషన్ అంటే కచేరీ కాదండీ, ఇది ముందే తెలిసి వెళ్తే బాగా ఎక్కుతుంది. స్టేజీ ఉండదు, మన వైపు తిరిగి కూర్చోరు, బల్ల చుట్టూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటారు. మన భజన లాంటిదనుకోండి, ఒకరు ఎత్తుకుంటే తెలిసినవాళ్ళు అందుకుంటారు, తెలియనివాళ్ళు వాయిద్యం ఒళ్ళో పెట్టుకుని ఊరుకుంటారు. మామూలుగా ఒక ట్యూనులో రెండు భాగాలు, ఒక్కోటి ఎనిమిది బార్లు (తాళం లెక్కలో గళ్ళు), ప్రతి భాగం రెండేసి సార్లు. మొత్తం ట్యూను రెండు మూడు సార్లు తిప్పి, ఆపకుండానే ఇంకో ట్యూనులోకి దూకేస్తారు. దూకే ముందు ఎత్తుకున్నవాళ్ళు వాయిస్తూనే తల పైకెత్తి పక్కవాళ్ళ కళ్ళలోకి చూస్తారు. ఆ చూపు పట్టుకోవడం అలవాటైతే, ట్యూను మారే క్షణం మీకూ ముందే తెలిసిపోతుంది, నాకైతే సెషన్ మొత్తంలో ఇష్టమైనది అదే.

మందు సంగతి ఎవరూ పట్టించుకోరు. కోక్ తాగండి, గిన్నిస్‌లోనే ఆల్కహాల్ లేనిది ఉంది, అది తాగండి. కానీ ఏదో ఒకటి కొనండి, పంపు నీళ్ళ గ్లాసుతో రాత్రంతా కూర్చోవడం బాగోదు. బల్ల దగ్గర ఖాళీ స్టూలు కనబడిందని కూర్చోకండి, అది ఆలస్యంగా వచ్చే ఫిడిల్ వాళ్ళదై ఉంటుంది. అడగకుండా మొహం మీద ఫోన్ పెట్టి వీడియో తీయకండి. ఎవరైనా వాయిద్యం లేకుండా పాడటం మొదలుపెడితే మాత్రం మాటలు ఆపేయాలి, లేకపోతే పక్కనున్నవాళ్ళే "ష్" అంటారు. శుక్ర, శనివారాలు వదిలేసి వారం మధ్యలో వెళ్ళండి, జనం తక్కువ, దగ్గరగా కూర్చోవచ్చు.

నైట్‌షిఫ్ట్ నాని:
రాజు అన్న చెప్పింది కరెక్టే కానీ టెంపుల్ బార్‌ని అందరూ మరీ తీసిపారేస్తారు, అది నాకు నచ్చదు. అక్కడ వాయించేవాళ్ళలో మంచి పనితనం ఉన్నవాళ్ళు బోలెడుమంది. టూరిస్టు అడిగింది వాయిస్తే ఇంటి అద్దె వెళ్తుంది, అంతే. కాకపోతే అక్కడ పైంట్ బీరు ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి, మీకు ఆ బాధ లేదు.

మీకు పాటలు కూడా ఇష్టమైతే మెరియన్ రోలో ఓడొనహ్యూస్‌కి వెళ్ళండి. 1962లో డబ్లినర్స్ అనే ఐరిష్ పాటల బృందం మొదలైంది ఆ పబ్బులోనే. వాళ్ళలో పాడిన ల్యూక్ కెల్లీకి ఈ ఊళ్ళో ఒకటి కాదు, రెండు విగ్రహాలున్నాయి, రెండూ 2019లో పెట్టినవే. షెరిఫ్ స్ట్రీట్‌లో ఉన్నది ఒట్టి తలకాయే, ఎంత పెద్దదో చూడండి, జుట్టు, గడ్డం తీగలు తీగలుగా ఉంటాయి. ట్యూన్లే అసలు సంగీతం, గుంపుగా పాడే పాటలు చీప్ అని కొందరంటారు, ఆ మాట మాత్రం నేను ఒప్పుకోను.

జార్జియన్ గుమ్మం:
పబ్బే ఎక్కాలని రూలేమీ లేదు, ఆ మాట ఎవరూ చెప్పట్లేదేంటి? హెన్రియెట్టా స్ట్రీట్ 15వ నంబరులో ఇలియన్ పైప్స్ (ఐరిష్ బ్యాగ్‌పైప్) వాయించేవాళ్ళ సంఘం ఉంది, 1968లో పెట్టారు. క్లాసులు, కార్యక్రమాలు జరుగుతాయి. ఆ వాయిద్యం ఒక్కసారి దగ్గరగా చూడండి. నోటితో ఊదరు, కుడి మోచేతి కింద గాలి కొట్టే తిత్తి, ఎడమ మోచేతి కింద ఆ గాలి నిండే సంచి, తొడ మీద తోలు ముక్క ఒకటి కట్టుకుంటారు, వేళ్ళతో వాయించే పైపు కొసని దాని మీద అదిమితే గాలి ఆగి స్వరం తెగుతుంది. ఇవన్నీ చాలవన్నట్టు మణికట్టుతో మీటలు నొక్కి తోడు స్వరాలు పలికిస్తారు. 2017లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరింది. పైపర్ కావాలంటే ఇరవై ఒక్క ఏళ్ళు పడుతుందని ఇక్కడ ఒక నానుడి, చూశాక తక్కువే చెప్పారనిపిస్తుంది.

పగలు ఖాళీ ఉంటే మెరియన్ స్క్వేర్ 73లో సంప్రదాయ సంగీత ఆర్కైవ్ ఉంది, 1987 నుంచి పోగు చేస్తున్నారు, పాత రికార్డింగులు ఉచితంగా వినొచ్చు. టైమింగ్స్ చూసుకుని వెళ్ళండి. వయొలిన్ క్లాసులో చేరే ఆలోచన ఉంటే మాంక్స్‌టౌన్‌లో కోల్తస్ అనే సంప్రదాయ సంగీత సంస్థ వాళ్ళ ప్రధాన కేంద్రం ఉంది, డార్ట్ లోకల్ రైల్లో సాల్ట్‌హిల్ అండ్ మాంక్స్‌టౌన్ స్టేషన్‌లో దిగాలి. పిల్లలున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, రాత్రి తొమ్మిది తర్వాత పబ్బుల్లో పిల్లల్ని ఉండనివ్వరు, మే నుంచి సెప్టెంబరు దాకా పది వరకు.

వానగొడుగు:
అందరికీ చాలా థాంక్స్. వయొలిన్ సంగతి ఎవరూ చెప్పలేదు, అసలు డౌటు అదే!

తీగలక్ష్మి:
నేను చెప్తాను, నాదీ అదే రూటు. మనం స-ప-స-ప పెట్టుకుంటాం కదా, వాళ్ళది జి-డి-ఎ-ఇ, ముందు ఆ శ్రుతికి మార్చుకోవాలి, వేళ్ళ లెక్క కొత్తగా అలవాటవ్వాలి. కుర్చీలో కూర్చుని భుజం మీద పెట్టుకుని వాయించడం ఇంట్లోనే ప్రాక్టీసు చెయ్యండి, పబ్బులో కింద కూర్చునే చోటు ఉండదు!

మన చెవికి ఒక లాభం ఉంది. చాలా ట్యూన్లు శంకరాభరణంలాగే ఉంటాయి, కొన్నిటికి హరికాంభోజి, ఖరహరప్రియ స్వరాలు సరిగ్గా సరిపోతాయి, కాబట్టి స్వరాలు పట్టుకోవడం పెద్ద పని కాదు. కష్టమంతా కమానుది. రీల్ అనే వేగమైన డాన్సు ట్యూనులో ఆ ఊపు రావడానికి ఎక్కడ నొక్కాలి, ఎక్కడ వదలాలి అన్నది కాగితం మీద రాయలేరు. గమకాలు మాత్రం ఇంట్లో వదిలి వెళ్ళండి. వాళ్ళ అలంకారాలు చిన్నవి, చురుక్కుమని తగిలి పోతాయి, మనలాగా స్వరాన్ని ఊపితే బల్లంతా తలతిప్పి చూస్తుంది. మనోధర్మం, అంటే అప్పటికప్పుడు కల్పించి వాయించడం కూడా వద్దు, అందరూ ఒకే ట్యూను కలిసి వాయిస్తారు, ఎవరి చిన్న మార్పులు వాళ్ళవి అందులోనే ఇమిడిపోతాయి.

మొదట ఊరికే విని, రిపీట్ అవుతున్న ట్యూన్ల పేర్లు విరామంలో అడిగి రాసుకోండి, చెప్పడానికి వాళ్ళకి ఇష్టమే. ద సెషన్ అనే వెబ్‌సైట్‌లో నోట్స్ ఉంటాయి, ఏ ఊళ్ళో ఏ రోజు సెషనో కూడా ఉంటుంది. ఒక పది ట్యూన్లు చేతిలో పడ్డాక, నేర్చుకునేవాళ్ళ కోసం నెమ్మదిగా నడిపే సెషన్ ఒకటి వెతుక్కుని వెళ్ళండి. పెట్టె మూసే ఉంచి, పక్కనున్నవాళ్ళని "కూర్చోవచ్చా" అని అడగండి. తెలిసిన ట్యూను వచ్చినప్పుడే తీయండి.

నైట్‌షిఫ్ట్ నాని:
వయొలిన్ సరే, బోధ్రాన్ అనే ఐరిష్ డప్పు మాత్రం కొనకండి. ఈ ఊళ్ళో దాన్ని పట్టుకుని వచ్చే కొత్తవాళ్ళకి కొదవలేదు, బల్లకి ఒక్కటి చాలు.

వానగొడుగు:
హహ, కొనను. అక్కా, స్లో సెషన్ ఏదైనా మీకు తెలిసింది ఉంటే మెసేజ్ పెట్టండి, వచ్చే వారం ఊరికే విందామని వెళ్తాను.