ఈ వారం సమస్య: «గుండె చుట్టి వచ్చె గొంతు మాట»

నిర్వాహకుడు (సీతమ్మధార): ఛందస్సు ఆటవెలది, ఆఖరి పాదం ఇచ్చాను. ప్రేమ కవిత్వమే రాయాలని రూలేం లేదు.

పెందుర్తి బాబ్జీ:

అలిగి పండుకొన్న యతివను పిలువంగ
మాట రాక నిలిచి మౌనినైతి
కోపమంత కరగి కొంగు పట్టినవేళ
గుండె చుట్టి వచ్చె గొంతు మాట

ఉక్కునగరం మేష్టారు: గణాలు కుదిరాయి, మా–మౌ యతి చెల్లింది. కానీ కరిగిన కోపం ఎవరిది బాబ్జీ, ఆమెదా నీదా? అలిగిన ఇల్లాలు అందరూ తొక్కిన దారే. సమస్యలో 'చుట్టి' అన్న మాట ఉంది. దాన్ని ఎటూ తిప్పకుండా వదిలేశావు.

మహారాణిపేట డాక్టరమ్మ: ఆ 'చుట్టి' కోసమే నాది.

పదవ నరము దిగుచు పక్కదారిని బట్టి
పెద్ద ధమని కింద పెనగి తిరిగి
మరల పైకి పాకె మాటపెట్టెను జేర
గుండె చుట్టి వచ్చె గొంతు మాట

పదవ నరమంటే వేగస్. మెదడు నుంచి దిగి, మెడలో కరోటిడ్ ధమని, జుగులార్ సిరలతో కలిసి ఒకే తొడుగులో ఛాతీలోకి వస్తుంది. అక్కడ ఎడమవైపు దాని కొమ్మ ఒకటి బృహద్ధమని కింద మెలిక తిరిగి మళ్లీ స్వరపేటికకు ఎక్కుతుంది. మద్దిలపాలెం నుంచి పక్కనే ఉన్న ఎం.వి.పి. కాలనీకి ఎక్కడో ఉన్న గాజువాక మీదుగా వెళ్లినట్టు! పిండదశలో గుండె మెడ దగ్గరే ఉంటుంది. అది కిందికి జారేటప్పుడు ధమని ఈ నరాన్ని కూడా లాక్కుపోతుంది.

ఉక్కునగరం మేష్టారు: 'మాటపెట్టె' భలే ఉందమ్మా. అయితే చుట్టింది ధమనిని కదా, గుండెనెలా అంటాం? కుడివైపు సంగతేమిటి?

మహారాణిపేట డాక్టరమ్మ: కుడివైపు కొమ్మ అంత కిందికి రాదండీ, సబ్‌క్లేవియన్ ధమని కిందే తిరిగిపోతుంది. పద్యం ఎడమదాని గురించే, ఆ మాట పద్యంలో ఇమడలేదు, ఒప్పుకుంటాను. గుండె మాటకొస్తే, ఎడమ కర్ణిక బాగా ఉబ్బితే ఈ నరం నలిగి గొంతు బొంగురుపోతుంది. 1897లో ఆర్ట్‌నర్ అనే వైద్యుడు రాశాడు. మనిషి గొంతు విని గుండె జబ్బును అనుమానించొచ్చు. అంత దగ్గరి చుట్టరికం ఉన్నప్పుడు ధమనిని గుండె అనడానికి లక్షణార్థం చెల్లదంటారా?

ఉక్కునగరం మేష్టారు: చెల్లింది, చెల్లింది.

గోపాలపట్నం కుర్రాడు: డాక్టరమ్మ గారు రాసింది చదివాక ధైర్యం వచ్చింది. మా పిన్నికి థైరాయిడ్ ఆపరేషనైంది. గొంతు పోవచ్చని ముందే చెప్పారు, బయట కూర్చున్న మాకు ఒకటే టెన్షన్.

సీతకోకచిలుక చెంతనుండిన నరము
కత్తి తగులకుండ గాచినంత
మత్తు వదలి పిన్ని మరల 'బాబూ' యనె
గుండె చుట్టి వచ్చె గొంతు మాట

నిర్వాహకుడు: మొదటి పాదం చివర గణం తప్పింది బాబూ. 'డిననరము' ఐదు లఘువులు, అలాంటి ఇంద్రగణం లేదు. 'చెంతనుండు నరము' అను, సరిపోతుంది. సీ–చెం యతి బాగుంది. మూడో పాదం మాత్రం ముట్టుకోకు.

మహారాణిపేట డాక్టరమ్మ: థైరాయిడ్‌ది సీతకోకచిలుక ఆకారమే. నరం దాని వెనక, శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్య గాడిలో ఉంటుంది. సర్జన్లు ముందు దాన్నే వెతుక్కుంటారు.

గోపాలపట్నం కుర్రాడు: సవరించానండి. పిన్నికి చదివి వినిపించాను. "గుండేటిరా, కోసింది పీక కదా!" అంది.