హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: అమ్మానాన్నలకి ఢిల్లీ మీదుగానా, దుబాయ్ మీదుగానా?

కృష్ణాతీరం:
అమ్మానాన్నలు జూన్‌లో మొదటిసారి వస్తున్నారు. గ్లోబు మీద దారం లాగి కొలిస్తే హైదరాబాద్ నుంచి ఇక్కడికి సుమారు 13,540 కి.మీ. ఢిల్లీలో మారితే రెండు ఫ్లైట్లూ కలిపి 13,600, అంటే చుట్టు లేనట్టే. దుబాయ్‌లో మారితే 15,600 దాకా అవుతుంది. పెద్దవాళ్లని ఊరికే రెండువేల కి.మీ. తిప్పడమెందుకని నేను. మా ఆవిడేమో దుబాయే అంటోంది. మీరేమంటారు?

పాతకాపు:
ఇందులో ఆలోచించేదేముందండీ, ఢిల్లీయే. రెండువేల కి.మీ. అంటే గాల్లో రెండున్నర గంటలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అది తక్కువేం కాదు.

గాలివాటం:
కి.మీ. చూసి గంటలు లెక్కేస్తే తప్పుతుంది అన్నా. ఎయిర్ ఇండియా ఇదే ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో ఫ్లైట్‌ని మొదట అట్లాంటిక్ మీదుగా నడిపింది. 2016 అక్టోబరులో పసిఫిక్ వైపు తిప్పింది. దూరం 1,400 కి.మీ. పెరిగి 15,300 అయింది, అయినా దాదాపు రెండు గంటలు ముందే దిగింది! పైన జెట్ స్ట్రీమ్ అనే గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది. తూర్పుకి వెళ్తే అదే వెనక నుంచి తోస్తుంది, పడమరకి వెళ్తే ఎదురు కొడుతుంది.

పాతకాపు:
ఒప్పుకుంటాను. కానీ అది ఢిల్లీ ఫ్లైట్‌కే కలిసొచ్చిన విషయం కదా? నా మాటే నెగ్గింది.

రెండుసూట్‌కేసులు:
అంత తొందరొద్దు సార్. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకి మూసేశాక, అమెరికా వెళ్లే కొన్ని ఎయిర్ ఇండియా ఫ్లైట్లు దారిలో వియన్నాలోనో కోపెన్‌హాగెన్‌లోనో దిగి ఇంధనం నింపుకోవాల్సి వచ్చింది. టికెట్ కొన్నప్పటి గంటలు ఎక్కినప్పుడు ఉంటాయన్న నమ్మకం లేదు.

అయినా అసలు టైమ్ పోయేది గాల్లో కాదు. మా అత్తమామలు ఒక ఎయిర్‌పోర్టులో తొమ్మిది గంటలు కూర్చున్నారు. ఫ్లైట్ మారే చోట కనీసం మూడు గంటలు, మహా అయితే అయిదు ఉండేలా చూసుకోండి. ఇద్దరికీ వీల్‌చెయిర్ పెట్టించండి, నడవగలిగినా సరే. భాష రాని చోట గేటు దాకా తీసుకెళ్లేది ఆ వీల్‌చెయిర్ తోసే మనిషే.

కృష్ణాతీరం:
మంచి మాట చెప్పారు. నాన్న ఢిల్లీ టికెట్ నమూనా చూసి ఒకటే సంబరం: "తెల్లవారుజామున నాలుక్కి ఎక్కి, అదే రోజు ఏడున్నరకి దిగుతామా? మూడున్నర గంటలే!" పన్నెండున్నర గంటల తేడా కలుపుకుంటే పదహారని చెప్పేసరికి మొహం మాడిపోయింది.

గాలివాటం:
రిటర్న్‌లో ఆ గంటలన్నీ పోతాయని ఇప్పుడే చెప్పకండి పాపం 😄

వానజల్లు:
అక్కడ జూన్ 12న మా పిన్నిగారు దుబాయ్ మీదుగా బయలుదేరుతున్నారు. హైదరాబాద్ నుంచి ఇక్కడి దాకా అదే దారి. ఇది నాలుగోసారి, ఫారాలన్నీ ఆవిడే నింపిపెడతారు. తోడు కావాలంటే చెప్పండి.

కృష్ణాతీరం:
అమ్మకి ఫోన్ చేసి ఈ మాట చెప్పాను. ఢిల్లీ, కిలోమీటర్లు, గాలి ఏవీ వినలేదు. "ఆవిడ పక్క సీటే తీసుకో" అంది. వానజల్లు గారూ, ఆవిడ సీటు నంబరు మెసేజ్ చేస్తారా?