కమ్యూనిటీ కాలేజీ లెక్కల టీచర్లని సదస్సులకి పంపడం దండగా?

పార్ట్‌టైమ్ పంతులు (కాలిఫోర్నియా)

ఇక్కడ అమెరికా కమ్యూనిటీ కాలేజీల్లో లెక్కలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. మొన్న మా డిపార్ట్‌మెంట్ మీటింగ్ కాస్త వేడెక్కింది. ఇలాంటి రెండేళ్ల కాలేజీల లెక్కల టీచర్లకి అమాటిక్ అని ఒక జాతీయ సంఘం ఉంది, 1974లో పుట్టింది. ఏటా నవంబరు ప్రాంతంలో ఏదో ఒక ఊళ్లో నాలుగు రోజుల సదస్సు పెడుతుంది. మావాళ్లు ముగ్గురు ఫుల్‌టైమర్లని పంపారు. విమానం, హోటల్, రిజిస్ట్రేషన్ కలిపితే మనిషికి దాదాపు 2,000 డాలర్లు.

నేను లేచి చిన్న గుణకారం చెప్పా. ఆ 6,000తో మాలాంటి పార్ట్‌టైమర్లు 15 మందికి శనివారానికి 100 చొప్పున నాలుగు శనివారాలు ఇవ్వొచ్చు. అందరం ఒకచోట కూర్చుని, ఈ సెమిస్టర్‌లో పిల్లలు ఎక్కడ తప్పుతున్నారో చూసుకోవచ్చు.

ఎందుకంటున్నానంటే, కాలిఫోర్నియాలో 2017 చట్టం అమల్లోకి వచ్చాక పాత రెమిడియల్ (వెనకబడ్డవాళ్లకి ముందుగా చెప్పే) ఆల్జీబ్రా మెట్లు దాదాపు పోయాయి. పిల్లల్ని నేరుగా స్టాటిస్టిక్స్‌లోనో ప్రీకాలిక్యులస్‌లోనో కూర్చోబెట్టి, పక్కన ఒక సపోర్టు క్లాసు పెడుతున్నారు. భిన్నాలు కూడడం రాని పిల్లవాడికి స్టాండర్డ్ డీవియేషన్ చెప్పాలి. మా దగ్గర ఆ సపోర్టు క్లాసులు ఎక్కువగా పడేది మా నెత్తినే. దేశం మొత్తమ్మీద చూసినా కమ్యూనిటీ కాలేజీ టీచర్లలో మూడింట రెండు వంతుల మంది పార్ట్‌టైమర్లే. సదస్సుకి వెళ్లేది మాత్రం మిగతా ఒక వంతు. దండగ అని నేను అనేది అందుకే. మీరేమంటారు?

లెక్కల టీచరమ్మ (టెక్సస్)

పంతులుగారూ, మీ బాధ నాకు తెలుసు. హెచ్4 ఈఏడీ (హెచ్1 వీసావాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వర్క్ పర్మిట్) వచ్చిన కొత్తలో రెండు కాలేజీల మధ్య కారులోనే లంచ్ తిన్నదాన్ని నేనూ. కానీ దండగ అన్నమాట ఒప్పుకోను.

2024లో అట్లాంటాలో 50వ సదస్సుకి వెళ్లా. ఒక సెషన్‌లో ఆవిడ అసలు స్లైడ్లే వేయలేదు. ఈ గోడ నుంచి ఆ గోడకి దండెం కట్టింది. నిజం దండెమే, బట్టలారేసే తాడు. మధ్యలో 0, కాస్త దూరంలో 1 అని రాసిన కార్డులు క్లిప్పులతో వేలాడదీసి, మిగతావి మాకు పంచింది. మైనస్ అర, రూట్ 2 లాంటివి ఇట్టే పెట్టేశాం. తర్వాత ఎక్స్ కార్డు వచ్చింది. ఎక్కడైనా పెట్టుకోండి అంది. ఎవరో 0కీ 1కీ మధ్యలో పెట్టారు. ఎక్స్ స్క్వేర్ కార్డు నా చేతిలో ఉంది. ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నదాన్ని, తిన్నగా వెళ్లి ఎక్స్‌కి కుడిపక్కన తగిలించి వచ్చా. వెనక నుంచి చిన్న నవ్వు. సగం దారిలో తట్టింది, సున్నాకీ ఒకటికీ మధ్య ఉన్నదాన్ని వర్గం చేస్తే తగ్గుతుంది కదా! మళ్లీ వెళ్లి ఎడమకి జరిపా. చెవులు వేడెక్కిపోయాయి.

తిరిగొచ్చిన వారమే మా క్లాసులో దండెం కట్టా. రాత్రంతా గోడౌన్‌లో పనిచేసి పొద్దున్నే వచ్చి, హుడీ తలమీదకి లాక్కుని కునికే కుర్రాడొకడు ఉన్నాడు. ఎవరో నాలాగే ఎక్స్ స్క్వేర్‌ని కుడిపక్కన పెడితే, వాడు లేచి వచ్చి ఎడమకి జరిపి, 'అరలో అర అంటే పావే కదా' అని వెళ్లి కూర్చున్నాడు. ఆ సెమిస్టర్‌లో వాడి నోటినుంచి వచ్చిన మొదటి మాట అది.

యూట్యూబ్‌లో చూస్తే పోయేదానికి అట్లాంటా దాకా ఎందుకు అంటారేమో. అంతకుముందే చూశా నేను. చూసి, బాగుందే అనుకుని వదిలేశా. నలుగురిలో తప్పు చేశాకే మనసుకి పట్టింది.

సంచీ_బ్యాచ్ (న్యూజెర్సీ)

దండెం బాగుంది గానీ, నాకు గుర్తున్నవి వేరే. ఎగ్జిబిట్ హాల్లో హోంవర్క్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు, ఫ్రీ పెన్నులు, ఫ్రీ సంచీలు. ఒక సెషన్‌కి వెళ్తే యాభై నిమిషాలూ అమ్మకమే. మా ఇంట్లో కూరగాయల సంచీలన్నీ సదస్సులవే.

పార్ట్‌టైమ్ పంతులు

అక్కా, దండెం సంగతి నాకు బాగా నచ్చింది, రేపే తాడు కొంటా. కానీ ఒక్కటి చెప్పండి. మీరు తిరిగొచ్చాక మీ డిపార్ట్‌మెంట్‌లో ఇంకెంతమంది దండెం కట్టారు?

లెక్కల టీచరమ్మ

ఒక్కరూ లేరు. మీటింగ్‌లో నాకు అయిదు నిమిషాలు ఇచ్చారు. అదీ పార్కింగ్ పర్మిట్ల గొడవ అయ్యాక.

పార్ట్‌టైమ్ పంతులు

నేను మొత్తుకునేది అదే కదండీ.

విజయనగరం మాస్టారు

నేను డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా అమ్మాయి దగ్గరికి ఒహాయో వచ్చి, పొద్దుపోక ఇవన్నీ చదువుతున్నాను. మన దగ్గర దీనికి తిరగేసిన సమస్య ఉండేది బాబూ. ఎనభైల చివర్లో యూజీసీ వాళ్లు యూనివర్సిటీల్లో లెక్చరర్ల శిక్షణకి అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టారు. ఇప్పుడు వాటినే మాలవీయ మిషన్ కేంద్రాలంటున్నారు. ప్రమోషన్ కావాలంటే ఓరియంటేషన్, రిఫ్రెషర్ సర్టిఫికెట్లు ఉండాల్సిందే. అంచేత అందరికీ అవకాశం వచ్చేది, ఎవరికీ ఆసక్తి ఉండేది కాదు. పొద్దున సంతకం, మధ్యాహ్నం కునుకు.

అయినా నాకు ఒక మేలు జరిగింది. హాస్టల్లో నా రూమ్మేటు అనంతపురం వైపు లెక్చరర్. లిమిట్‌కి ఇచ్చే ఎప్సిలాన్-డెల్టా నిర్వచనాన్ని ఆయన పందెంలా చెప్పేవాడు. 'ఫలితం ఎంత దగ్గరగా కావాలో నువ్వడుగు, అందుకు ఎక్స్ ఎంత దగ్గరగా ఉండాలో నేను చెబుతా. నేను చెప్పలేకపోతే నువ్వు గెలిచినట్టు.' మూడు వారాల ఉపన్యాసాల్లో ఒక్క ముక్క గుర్తులేదు. ఆ పందెం మాత్రం రిటైరయ్యేదాకా ఆడించాను. రోజూ రాత్రి మంచాల మీద కూర్చుని మాట్లాడుకున్నాం కాబట్టి దొరికింది. నాలుగు రోజులు తలో సెషన్‌కి పరిగెత్తే చోట అలాంటిది దొరుకుతుందా అని నా అనుమానం.

చైర్_కుర్చీ (వాషింగ్టన్ రాష్ట్రం)

రెండేళ్లు డిపార్ట్‌మెంట్ చైర్‌గా చేసిన అనుభవంతో చెబుతున్నా, పంతులుగారి గుణకారం కరెక్టే, పద్దు తప్పు. మా కాలేజీలో ప్రయాణాల డబ్బు వేరే పద్దు. అందులోంచి జీతంగా ఒక్క డాలరు ఇవ్వాలన్నా యూనియన్ ఒప్పందం, హెచ్‌ఆర్, డీన్ సంతకం. జూన్‌లోగా ఖర్చు కాకపోతే వెనక్కి పోతుంది. అందుకే 'వెళ్తారా?' అని చివర్లో బతిమాలుతాం.

మీరు అడగాల్సింది సదస్సు మానమని కాదు, ముగ్గురిలో ఒకరు పార్ట్‌టైమర్ ఉండాలని. ఆ మాట రాతలో పెట్టించండి. తిరిగొచ్చినవాళ్లు రెండు గంటలు అందరికీ చేసి చూపించాలి, దానికి కూర్చున్న పార్ట్‌టైమర్లకి గంటల లెక్కన డబ్బు ఇవ్వాలి. ఆ రెండో ముక్కకే నాకు ఏడాదిన్నర పట్టింది.

ఇంకో మాట. 2022లో సదస్సు టొరంటోలో పెట్టారు. అప్పుడు మా దగ్గర వెళ్లాలని ఉన్న పార్ట్‌టైమర్ మన తెలుగమ్మాయే. ఇండియన్ పాస్‌పోర్టు, కెనడా వీసా వేరే, తిరిగి రావడానికి అమెరికా వీసా స్టాంపింగ్ టెన్షన్ వేరే. చివరికి మానేసింది. అవకాశం కాగితం మీద ఉంటే చాలదు.

పార్ట్‌టైమ్ పంతులు

పద్దు సంగతి నాకు నిజంగా తెలియదు, ఒప్పుకుంటున్నా. మీటింగ్‌లో ఎవరూ చెప్పలేదు కూడా. కానీ పార్ట్‌టైమర్ వెళ్లాలంటే గురువారం, శుక్రవారం క్లాసులు ఎవరు చూస్తారు? నాకు మూడు కాలేజీలు. ఒకటి పంపిస్తానంటే మిగతా రెండూ జీతం కోస్తాయి.

సంచీ_బ్యాచ్

మీరు కాలిఫోర్నియానే కదా. మీ రాష్ట్ర కమ్యూనిటీ కాలేజీల లెక్కల సంఘం ఉంది, సీఎంసీ క్యూబ్డ్ అంటారు. వాళ్లు డిసెంబర్‌లో మాంటెరేలో పెడుతుంటారు. బే ఏరియా నుంచైతే పొద్దున కారెక్కి రాత్రికి ఇంటికి రావచ్చు. నాకు తెలిసిన ఇద్దరు వెళ్లొచ్చారు, వాళ్లకి సంచీలు కూడా పెద్దగా దొరకలేదట.

పార్ట్‌టైమ్ పంతులు

హాహా. మాంటెరే అయితే శనివారం ఒక్కరోజు వెళ్లొచ్చు. పెట్రోలు డబ్బులు మాత్రం అడుగుతా, ఏ పద్దయినా సరే. చైర్‌గారూ, మీరు రాతలో పెట్టించిన ఆ కాగితం నమూనా, కాలేజీ పేరు తీసేసి, ఇక్కడ పెట్టగలరా? మా వచ్చే మీటింగ్ పదో తారీఖున.

చైర్_కుర్చీ

రాత్రికి పెడతా. ఒకటిన్నర పేజీ, అంతే.

విజయనగరం మాస్టారు

టీచరమ్మా, ఎక్స్ కార్డుని సున్నాకి ఎడమపక్కన పెట్టించి చూశావా ఎప్పుడైనా?

లెక్కల టీచరమ్మ

చూశాను మాస్టారూ, క్లాసు రెండు పార్టీలైపోయింది! మైనస్ ఎక్స్ కుడిపక్కకి ఎలా వస్తుందని ఒక పిల్ల కార్డు ఇవ్వకుండా పది నిమిషాలు పట్టుకుని నిలబడింది.

పంతులుగారూ, తాడు కొనేటప్పుడు చెక్క క్లిప్పులు తీసుకోండి. ప్లాస్టిక్‌వి జారిపోతాయి. నా దగ్గర ఎక్స్ స్క్వేర్ ఒకసారి మూడు మీద ఆగింది.