'నిగ్రహించి పలుకుట మేలా': ఆ అక్షరం 'ని'యా, 'వి'యా?

కృష్ణలంక కుర్రాడు:
ఆదివారం నుంచి ఒక్క అక్షరం బుర్ర తొలిచేస్తోంది. సుమతీ శతకంలో పద్యం ఉంది కదా: "బలవంతుడ నాకేమని / పలువురితో నిగ్రహించి పలుకుట మేలా / బలవంతమైన సర్పము / చలిచీమల చేత చిక్కి చావదె సుమతీ". అందులో రెండో పాదంలోది. సత్యనారాయణపురంలో అక్క వాళ్లింట్లో భోజనాలయ్యాయి. బావకీ మా బాబాయికీ యథాప్రకారం ఎన్నికల గొడవ మొదలైంది. వైసీపీకి 2019లో 151 సీట్లు, 2024లో 11. బాబాయి చెయ్యి కూడా కడుక్కోకుండా "బలవంతుడ నాకేమని..." అంటూ రాగం తీశారు. బావ ఊరుకుంటాడా? "టీడీపీకి 102 కాస్తా 23 అయిన ఏడు ఇదే పద్యం నేను చదివితే నెల రోజులు నాతో మాట్లాడలేదు మావయ్యగారూ, గుర్తుందా?" అన్నాడు. నన్నడిగితే ఈ పద్యం ఓడినవాళ్ల మీద విసరడానికి కాదు, గెలిచిన రోజు రాత్రి గెలిచినవాళ్లు చదువుకోవడానికి.

సరే, అసలు సంగతి. మా మేనల్లుడు తొమ్మిదో తరగతి. ప్లేస్టేషన్‌లో స్పైడర్‌మ్యాన్‌ని మేడల మధ్య ఊగిస్తూనే, తల తిప్పకుండా అడిగాడు: "మావయ్యా, నిగ్రహించి మాట్లాడటం మంచిదే కదా? బళ్లో నిగ్రహం పాటించండి అనే చెప్తారు. మరి ఈయన 'మేలా' అని కసురుకుంటున్నాడేంటి?" బాబాయి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. పటమటలో నాకు మూడో తరగతి చెప్పిన మాష్టారు మాత్రం 'విగ్రహించి' అని చెప్పించినట్టు లీలగా గుర్తు. మీ నోట్లో ఎలా ఉంది?

బ్రాడీపేట మాష్టారు:
'నిగ్రహించి'. అనుమానమే అక్కర్లేదు. మీ మేనల్లుడిని మాత్రం నా తరఫున భుజం తట్టండి, యాభై ఏళ్లవాళ్లు కూడా అడగని ప్రశ్న అడిగాడు. ఇవాళ నిగ్రహం అనగానే ఆత్మనిగ్రహమే గుర్తొస్తోంది. కానీ ఆ మాటకి అసలు జోడీ అనుగ్రహం. రాజుని నిగ్రహానుగ్రహ సమర్థుడు అంటారు. అంటే దండించనూ గలడు, దయచూడనూ గలడు. తర్కం చదివినవాళ్లకి నిగ్రహస్థానాలు తెలుసు. న్యాయసూత్రాల్లో అవి 22. వాదంలో ఎదుటివాడు దొరికిపోయే చోట్లన్నమాట. కాబట్టి ఇక్కడ 'నిగ్రహించి పలుకుట' అంటే పదిమందినీ అణగదొక్కుతూ, నోరెత్తనివ్వకుండా మాట్లాడటం. మనసుని అణిచినా నిగ్రహమే, మనుషుల్ని అణిచినా నిగ్రహమే. పిల్లవాడికి మొదటిదే తెలుసు.

ఏలూరు రోడ్డు పుస్తకాల పురుగు:
మాష్టారూ, అర్థం దగ్గర పేచీ లేదండీ. నా పేచీ 'తో' దగ్గర. ఎవరినైనా నిగ్రహిస్తాం గానీ, ఎవరితోనైనా నిగ్రహిస్తామా? 'పలువురను నిగ్రహించి' అని ఉండాలి. విగ్రహించడమైతే, అంటే పోరుకి దిగడమైతే, 'తో' దానంతటదే వచ్చి కూర్చుంటుంది, శత్రువుతో విగ్రహం. సంధి, విగ్రహం, యానం, ఆసనం, ద్వైధీభావం, సంశ్రయం అని రాజనీతిలో ఆరు గుణాలున్నాయి, వాటిలో రెండోది ఇదే. కొలువులో సాంధివిగ్రహికుడని ఒక ఉద్యోగమే ఉండేది. సుమతి బద్దెనదే అనుకుంటే, నీతిశాస్త్రముక్తావళి రాసిన ఆ చేతికి ముందు తగిలే మాట ఏది?

బ్రాడీపేట మాష్టారు:
'పలువురితో'ని 'పలుకుట'కి అన్వయించుకోండి. పలువురితో పలుకుట. ఎట్లా పలుకుట? నిగ్రహించి. మధ్యలో క్త్వార్థకం, అంటే 'చేసి', 'వచ్చి' లాంటి క్రియ, వచ్చింది, అంతే. ఇంకో మాట. విగ్రహించాక పలికేదేముంటుంది నాయనా? అక్కడ కత్తులు మాట్లాడతాయి.

ఏలూరు రోడ్డు పుస్తకాల పురుగు:
విగ్రహమంటే కత్తులే కానక్కర్లేదండీ, విరోధం చాలు. విరోధించి పలకడం మనకి రోజూ టీవీలో కనపడేదే కదా.

పటమటలంక అక్క:
మీరిద్దరూ ఇలాగే తెల్లారుస్తారని గణాలు కట్టి చూశాను. కందం కదా. పలువురి (నలం), తోని (గగ), గ్రహించి (జగణం), పలుకుట (నలం), మేలా (గగ). మొదటి పాదంలోని మూడు గణాలతో కలిపి లెక్కేస్తే ఆరో గణం జగణమో నలమో కావాలి, అయింది. 'వి' పెట్టినా అది గ్రకి ముందున్న అక్షరం కాబట్టి గురువే, తేడా రాదు. యతి 'ప'కీ 'ప'కీ కుదిరింది, అది ఈ అక్షరం దాకా రానే రాదు. ప్రాస 'ల'. ఏ దారిన వెళ్లినా ఛందస్సు ఇద్దర్నీ లోపలికి రానిస్తోంది. కాబట్టి 'విగ్రహించి అంటే గణభంగం' అని ఎవరూ దయచేసి రాయకండి.

అరండల్‌పేట:
మూలం చూస్తే తేలుతుందేమో. పంచతంత్రం మూడో భాగం కాకోలూకీయంలో ఉంది: "బహవో న విరోద్ధవ్యా దుర్జయా హి మహాజనాః, స్ఫురంతమపి నాగేంద్రం భక్షయంతి పిపీలికాః". పెద్ద పాము, చీమలు, 'చాలామందితో విరోధం వద్దు' అన్నీ అందులో ఉన్నాయి. 'విరోద్ధవ్యాః'కి తెలుగులో దగ్గరి చుట్టం విగ్రహించడమే. పైగా ఆ భాగం మొత్తం కాకులకీ గుడ్లగూబలకీ మధ్య సంధి విగ్రహాల గొడవే. మన దగ్గర ఆ కథల్లో చిన్నయసూరి మిత్రలాభం, మిత్రభేదం రాసి ఆపేస్తే విగ్రహం అనే భాగం కందుకూరి రాశారు. ఆ పేరు వినగానే యుద్ధమని తోచిన తరం ఒకటుంది. ఇప్పుడు విగ్రహం అంటే కూడలిలో దండ వేసేదే. మాట అర్థం కాక, ఎవరో బళ్లోనే 'వి'ని 'ని' చేసి ఉంటారని నా అనుమానం.

ఇంకో సంగతి. ఆ కథలో పాము మామూలుగా చావదు. తన పుట్ట దారి వదిలి ఇరుకు కన్నంలోంచి బయటికి రాబోయి ఒళ్లు గీరుకుంటుంది. నెత్తురు వాసనకి చీమలు పడతాయి. గాయం మొదట పాము చేసుకున్నదే. మన కందంలో ఆ ఇరుకు కన్నం మాయమైంది. ఎన్నికల గురించి మాట్లాడేటప్పుడు నాకు ఆ కన్నమే ముఖ్యంగా తోస్తుంది. ఏ పార్టీ అయినా చీమలు పట్టకముందే ఎక్కడో గీరుకుని ఉంటుంది.

బ్రాడీపేట మాష్టారు:
శ్లోకం బాగా పట్టుకొచ్చారు. కానీ నాగేంద్రం అంటే ఏనుగు కూడా. శ్లోకాన్ని విడిగా చదివితే పామే అని గట్టిగా చెప్పలేం. మన కవి 'సర్పము' అని తేల్చేశాడు. మూలాన్ని అంత స్వతంత్రంగా మలుచుకున్నవాడు 'విరోద్ధవ్యాః'ని మాత్రం మక్కీకి మక్కీ దించాలని ఏముంది?

బెంజి సర్కిల్ గేమర్:
మాష్టారూ నమస్తే. నేను పద్యాలు తక్కువా, సూపర్ హీరోలు ఎక్కువా అయిన బాపతు. కానీ ఇంతమంది చీమల్ని వదిలేసి 'ని' పట్టుకుని కూర్చుంటే ఉండబట్టలేకపోతున్నాను. ఇన్నేళ్లుగా సూపర్ హీరో సినిమాలన్నీ ఈ పద్యానికి అడ్డం తిరిగి నడుస్తున్నాయి. ఒక్క బలవంతుడు, పలువురిని చావబాదడం, మనం చప్పట్లు. 2015లో యాంట్‌మ్యాన్ వచ్చాకే చీమల పక్షాన ఒక కథ చూశాను. అందులో చీమల్ని జాతులవారీగా వాడతారు: నిప్పు చీమలు, వడ్రంగి చీమలు, బుల్లెట్ చీమలు, వెర్రి చీమలు. ఈ వెర్రి చీమలు మన ఇళ్లలోనూ ఉంటాయి. సన్నగా, నల్లగా, కాళ్లు పొడుగ్గా, ఒక గీత మీద నడవకుండా గజిబిజిగా పరిగెడతాయే, అవి. కుట్టవు. నా సిద్ధాంతం ఏంటంటే చలిచీమ అంటే ఇదే. చలించే చీమ కాబట్టి చలిచీమ.

పటమటలంక అక్క:
తమ్ముడూ, చీమ పట్టావు గానీ మాట తప్పావు. చలనం సంస్కృతం. ఇక్కడి 'చలి' అచ్చంగా మన చలే. చలివేంద్రం, చలిమిడి, చలిచీమ. ఒకే ఇంటి పిల్లలు.

తెనాలి కోడలు:
అక్కా, మా అత్తగారింట్లో చలిచీమలంటే మంచినీళ్ల కుండ కింద తడి ఇసుకలో చేరేవి. చల్లటి చోటు వెతుక్కుంటాయి కాబట్టి ఆ పేరని మా అత్తగారి మాట. నల్లవి, ఏమీ అనవు. పుట్టింటివైపు మాత్రం సన్నటి ఎర్రవాటిని అంటారు, చంటిపిల్లల పక్కలోకి వస్తే దద్దుర్లే. బెల్లం డబ్బాని నీళ్ల పళ్లెంలో పెట్టేది వాటికి భయపడే. రెండూళ్లకీ మధ్య అరగంట దూరం లేదు, చీమ రంగే మారిపోయింది. పద్యంలో పాము చావాలంటే కుట్టే చీమ అయి ఉండాలి కదా? కుట్టని చీమ పట్టి పాము ఎలా చస్తుంది?

బెంజి సర్కిల్ గేమర్:
కుట్టకపోయినా చస్తేనే కదండీ పద్యానికి బలం! గండుచీమ అనకుండా చలిచీమ అన్నది అందుకే. ఏ హానీ చెయ్యలేనిది అనుకున్నదే పలువురైతే ఏం చేస్తుందో చూడమని. ఓటు కూడా అంతే, ఒక్కటిగా చూస్తే ఎవర్నీ కుట్టదు.

కృష్ణలంక కుర్రాడు:
ఈ మాట బాబాయికీ బావకీ ఇద్దరికీ పంపించాను. ఇద్దరూ తమవైపు మాట అనుకుని సంతోషించారు.

గుంటూరువారితోట:
సర్పం గురించి ఇంతసేపు మాట్లాడుకుంటూ, గుంటూరు జిల్లా మనుషులై ఉండి, జాషువా పేరు ఎవరూ ఎత్తకపోవడం నాకు కష్టంగా ఉంది. 'గబ్బిలం' 1941. "నాల్గు పడగల హైందవ నాగరాజు". ఆ పాము ఎవరి గాలి సోకితే బుసకొడుతుందో ఆ మనిషే ఈ దేశంలో చలిచీమ. సుమతి కవి బలవంతుడి చెవిలో చెబుతున్నాడు, 'నాయనా, ఒళ్లు జాగ్రత్త' అని. ఆయన బెంగంతా పాము గురించే. జాషువా వచ్చి చీమ పక్కన నిలబడ్డాడు. ఆ నాలుగు పడగలు అన్న మాటలో నాలుగు వర్ణాలూ ఎలా లేచి నిలబడ్డాయో చూడండి. ఒక్క పాదం, తేటగీతి, అంతే! వినుకొండ మట్టిలో పుట్టిన ఆ పద్యం మా నాన్న చదువుతుంటే వంటింట్లో అమ్మ గరిటె ఆపేసేది. నేను ఏ పద్యం చదివినా ఆ గరిటె ఆగిన నిశ్శబ్దంతో తూచి చూస్తాను. ఈ కందం మంచిదే, కాదనను. కానీ ఆ తూకానికి రాదు.

అరండల్‌పేట:
నమస్కారమండీ. ఆ పాదం చదివిన ప్రతిసారీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. అయినా నీతిపద్యం పనీ, ఖండకావ్యం పనీ వేరు. సుమతి నాలుక మీద ఉండాలి, గబ్బిలం గుండెలో ఉండాలి. రెంటినీ ఒకే త్రాసులో వెయ్యడం న్యాయం కాదేమో.

గుంటూరువారితోట:
త్రాసు నాది కాబట్టి వేస్తాను.

బెంజి సర్కిల్ గేమర్:
పాము అనగానే గుర్తొచ్చింది. 1997లో నోకియా 6110లో వచ్చిన పాము ఆట ఆడారా ఎవరైనా? తిన్నకొద్దీ పొడుగవుతుంది, పొడుగైనకొద్దీ తిరగడానికి చోటుండదు, చివరికి తన తోకే తనకి తగిలి చస్తుంది. అందులో చీమల్లేవు. ఇప్పటి కన్సోళ్లలో బొమ్మ ఎంత అందంగా ఉన్నా అంత గట్టి ఆట మళ్లీ నేను ఆడలేదు. అరండల్‌పేట గారు చెప్పిన ఇరుకు కన్నం కథ చదవగానే అదే కళ్లముందు మెదిలింది. మా అన్నయ్య తరం బీసెంట్ రోడ్డులో కొన్న కేసెట్ల గేము గురించి చెప్తుంది, కేసెట్ ఊది పెట్టేవాళ్లట. నాకు మాత్రం మొదటి ఆట ఆ పామే.

పటమటలంక అక్క:
ఆటలు సరే గానీ, నువ్వు చెప్పిన సినిమాల లెక్క తప్పు. 2019లో థానోస్ అనే విలన్ మీదికి హీరోలందరూ కలిసొచ్చిన అవెంజర్స్ సినిమా ఏంటి మరి? అక్కడ బలవంతుడు ఒక్కడు, చీమలు పలువురు. పద్యం ఉన్నదున్నట్టు నడిచింది.

బెంజి సర్కిల్ గేమర్:
అక్కా, చివర్లో మాయ రాళ్లు పెట్టుకుని చిటికె వేసి వాణ్ణి అంతం చేసింది ఒక్కడే కదా! పలువురూ నిలబడి చూశారు.

పటమటలంక అక్క:
ఆ ఒక్కడి దాకా రాళ్లు చేరింది ఎంతమంది చేతులు మారితే? ఆ చేతులన్నీ తీసేసి చూడు, చిటికె ఎక్కడుంటుందో.

ఏలూరు రోడ్డు పుస్తకాల పురుగు:
బాబూ, 'తో' సంగతి ఏమైంది? మాష్టారు నాకింకా పూర్తిగా జవాబివ్వలేదు. క్త్వార్థకం మధ్యలో వచ్చిందన్నారు, సరే. పద్యం వింటున్నవాడు 'పలువురితో' దగ్గర ఆగి, 'నిగ్రహించి'ని దాటేసి, 'పలుకుట' దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వస్తాడా? సుమతి పద్యాల గొప్పతనమే చెవిన పడ్డ వరసలో అర్థమవడం. ఎక్కిన గుర్రం ఎక్కినట్టే పరిగెత్తాలి.

బ్రాడీపేట మాష్టారు:
చెవి మాట తెచ్చారు కాబట్టి చెబుతాను. నేను ముప్పై ఎనిమిదేళ్లు ఈ పద్యం పాఠం చెప్పాను. ఏ పిల్లవాడూ 'తో' దగ్గర తడబడలేదు. మీరు పెద్దయ్యాక తడబడుతున్నారు.

ఏలూరు రోడ్డు పుస్తకాల పురుగు:
పిల్లలు తడబడకపోతే కృష్ణలంక వారి మేనల్లుడు ఎవరండీ?

తెనాలి కోడలు:
ఒక్క నిమిషం ఆగండి. ఇందాక మా అమ్మమ్మకి ఫోన్ చేసి, ఏమీ చెప్పకుండా పద్యం చదవమన్నాను. ఎనభై ఏడేళ్లు, బడి గడప తొక్కలేదు, వాళ్ల నాన్న దగ్గర విని నేర్చుకుంది. మూడుసార్లు చదివించాను. మూడుసార్లూ "పలువురితో నాగ్రహించి పలుకుట మేలా" అనే అంది. 'ని' కాదు, 'వి' కాదు, 'నా'. ఆగ్రహించి. అర్థం అడిగితే "పదిమంది మీద కోప్పడి మాట్లాడొచ్చా అని, ఇంకేముందే" అని ఫోన్ పెట్టేసింది.

పటమటలంక అక్క:
తోన్, ఆగ్రహించి. తోనాగ్రహించి. అయ్యో, గణాలు ఇదీ సరిపోయింది! గగ, జగణం. 'తో' ద్రుతాంతం కాబట్టి నకారం వచ్చి అచ్చుకి తగులుకుంటుంది, వ్యాకరణానికీ అభ్యంతరం లేదు.

ఏలూరు రోడ్డు పుస్తకాల పురుగు:
దీర్ఘం చెరిగిపోయిన తాటాకులో 'నా'ని 'ని'గా చదువుకున్నారేమో. అలాగైతే మాష్టారిదీ నాదీ రెండూ పోయినట్టే.

బ్రాడీపేట మాష్టారు:
తొందరపడకండి. ఆగ్రహానికి సంస్కృతంలో పట్టుదల అని అర్థం, కోపం మన వాడుక. ఆ వాడుక బద్దెన కాలానికి ఉందా అన్నది చూడాలి. నిఘంటువు మేడ మీద గదిలో ఉంది, కరెంటు లేదు. అమ్మా, ఈలోపు మీ అమ్మమ్మగారిని మూడో పాదం కూడా చదివించండి. 'బలవంతమైన' అంటారో, 'బలవంతమైనఁ' అని ఒత్తుతారో వినాలి.