30 ఏళ్లలో భూకంపం వచ్చే అవకాశం 72 శాతం అంటే ఏమిటి సార్?

భైరాగిపట్టెడ నాన్న

మాది తిరుపతి. అమ్మాయి, అల్లుడు కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఇల్లు చూసుకున్నారు, ఇంకా అడ్వాన్స్ ఇవ్వలేదు. ఇంతలో మా బావమరిది వాట్సాప్‌లో ఒకటి పంపాడు, శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల 30 ఏళ్లలో పెద్ద భూకంపం వచ్చే అవకాశం 72 శాతం అని అక్కడి ప్రభుత్వ శాస్త్రవేత్తలే చెప్పారంట. అప్పటినుంచి మా ఆవిడ ఒకటే పోరు, ఆ ఇల్లు వద్దని చెప్పండి అని. అమ్మాయేమో "ఇంతమంది ఉంటున్నారు కదా నాన్నా" అని తేల్చేస్తోంది. ఇది గట్టి లెక్కేనా, లేక పొద్దున టీవీలో రాశిఫలాల బాపతా? లోను తీరేలోపు ఆ ఇల్లు కూలే అవకాశం నూటికి 72 అనా? కాస్త వివరంగా రాయండి, ఇంట్లో చదివి వినిపించాలి.

జియాలజీ మాస్టారు, చిత్తూరు

లెక్క గట్టిదే సార్. అమెరికా జియలాజికల్ సర్వే 2014 నుంచి 2043 వరకు వేసింది. కానీ అది మీ అమ్మాయి ఇంటికి కాదు, బే ఏరియా, అంటే శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ప్రాంతం మొత్తానికి. అక్కడున్న ఫాల్టుల్లో, అంటే నేల లోపల రాతి పొరలు పగిలి జరిగే చోట్లలో, ఏదో ఒకదాని మీద తీవ్రత 6.7 లేదా అంతకంటే పెద్దది కనీసం ఒక్కటైనా రావడం, అంతే. ఉత్తరాన ఎక్కడో వచ్చి ఫ్రీమాంట్‌లో అల్మారాలో గ్లాసులు కదిలి ఊరుకున్నా ఆ 72లోకే వస్తుంది.

మీరు అడగాల్సింది హేవార్డ్ ఫాల్టు గురించి, ఎందుకంటే అది ఫ్రీమాంట్ ఊళ్లోంచే పోతుంది. ఆ ఊళ్లోనే ఫాల్టుకి అడ్డంగా గుంత తవ్వి, మట్టి పొరలు ఎక్కడెక్కడ తెగాయో చూసి, వాటిలో దొరికిన వాటికి వయసు కట్టి పాత భూకంపాల వరస తీశారు. సగటున సుమారు 150 ఏళ్లకొకటి. చివరి పెద్దది 1868 అక్టోబర్ 21న. దీనికి జీపీఎస్‌తో నేల ఏటా ఎంత జరుగుతోందో కొలిచింది కలిపితే, హేవార్డ్, దాని పొడిగింపు రాడ్జర్స్ క్రీక్ రెంటికీ కలిపి 30 ఏళ్లలో 33 శాతం వచ్చింది.

ఇంకోటి, 72ని 30తో భాగించి ఏడాదికి 2.4 అనుకోవద్దు. ఏడాదికి దాదాపు 4 శాతం. అంటే ఒక ఏడాది ఏమీ రాకుండా గడిచే అవకాశం 0.96. కావాలంటే 30 ఏళ్లకి 30 సార్లు 0.96 వేసుకుని ఒకదాంతో ఒకటి గుణించి చూడండి, 0.29 దగ్గర ఆగుతుంది, అది 30 ఏళ్లూ ఏమీ రాకుండా గడిచే అవకాశం. తేదీ చెప్పడం మాత్రం ఎవరివల్లా కాలేదు. అదే కాలిఫోర్నియాలో పార్క్‌ఫీల్డ్‌లో 1993 లోపు వస్తుందని పరికరాలన్నీ పెట్టుకుని కూర్చుంటే, అది తీరిగ్గా 2004లో వచ్చింది.

పుత్తూరు కుర్రోడు

అమెరికా సంగతి సరే సార్, మన తిరుపతికి ఎంత శాతమో ఎవరూ చెప్పరే?

జియాలజీ మాస్టారు, చిత్తూరు

మన దేశపు భూకంప జోన్ మ్యాపులో శాతాలుండవు నాయనా. ఇక్కడ భూమి పైపొరలోని రెండు పెద్ద పలకలు (ప్లేట్లు) రాసుకునే అంచు లేదు, పెద్దవి అరుదు, అరుదైనవాటికి సగటు కట్టడం కష్టం. అలాగని రావని కాదు. 1993 సెప్టెంబర్ 30న మహారాష్ట్రలో లాతూరు వైపు 6.2 తీవ్రతతో వచ్చి వేలమంది పోయినప్పుడు, మ్యాపులో ఆ చోటు అన్నిటికంటే తక్కువ ప్రమాదమున్న జోన్‌లో ఉండేది. పోయినవాళ్లలో ఎక్కువమంది సొంత ఇంటి రాతిగోడల కిందే.

పీలేరు పిల్ల

అంకుల్, నేనుండేది ఫ్రీమాంట్ పక్కనే. హేవార్డ్ ఊళ్లో ఆ ఫాల్టు దాటేచోట రోడ్డంచు కాంక్రీటు మధ్యలో తెగి పక్కకి జరిగి ఉంటుంది, ఏటా కొన్ని మిల్లీమీటర్లు అలా జరుగుతూనే ఉంటుంది, అక్కడివాళ్లు దాని మీదుగానే వాకింగ్‌కి పోతారు. శాతాలు పక్కనపెట్టి ఆ ఇంటి కాగితాలు అడగండి. ఇల్లు ఫాల్టు జోన్‌లో ఉంటే అమ్మేవాళ్లు రాసివ్వాలి, చట్టం ఉంది. నేల మెత్తబడి కుంగే జోన్ అయినా అంతే, అది కూడా చూడండి, చాలామంది ఆ కాగితం చదవకుండా సంతకం పెట్టేస్తారు. 1980కి ముందు కట్టిన చెక్క ఇల్లయితే పునాదికి బోల్టులతో బిగించారా, ఇంటి కింద పొట్టి గోడలకి ప్లైవుడ్ కొట్టారా అన్నది ముఖ్యం. లేకపోతే ఊపుకి ఇల్లు పునాది మీంచి జారిపోతుంది. మామూలు ఇంటి ఇన్సూరెన్స్‌లో భూకంపం రాదు, విడిగా కట్టాలి, అందులోనూ ఇంటి విలువలో 5 నుంచి 25 శాతం దాకా నష్టం మొదట మనమే భరించాలి.

భైరాగిపట్టెడ నాన్న

చాలా థాంక్స్ తల్లీ, మాస్టారూ. ఇప్పుడే ఫోన్ చేశాను. 1960ల్లో కట్టిన ఇల్లంట. వాటర్ హీటర్‌ని గోడకి ఇనుప పట్టీలతో కట్టి ఉందంట, పునాది సంగతి అల్లుడికి తెలీదు. చూసేది ఎవరు?

పీలేరు పిల్ల

ఇన్‌స్పెక్టర్‌ని పెడతారు కదా అంకుల్, ఆయన్ని ఇంటి కిందికి పాకి బోల్టులకి ఫొటోలు తీసి ఇమ్మనండి. లేకపోయినా కంగారొద్దు, తర్వాతైనా వేయించుకోవచ్చు, ఆ ఖర్చు పేరు చెప్పి రేటు తగ్గించమని అడగమనండి అల్లుడిగారిని.