టీవీ యాప్‌ల నుంచి వెనక స్పీకర్లకు శబ్దం రావడం లేదు, ఏం మార్చాలి?

నమస్తే అండీ. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. 12 బై 14 అడుగుల హాల్లో 5.1 స్పీకర్లు, వాటికి శబ్దాన్ని పంచే ఏవీ రిసీవర్ బిగించి మూడు వారాలైంది. టీవీ 55 అంగుళాల ఆండ్రాయిడ్ టీవీ.

రిసీవర్‌లో టెస్ట్ టోన్ వేస్తే అయిదు స్పీకర్లూ, సబ్‌వూఫరూ వరసగా చక్కగా మోగుతున్నాయి. బ్లూరే ప్లేయర్‌ని నేరుగా రిసీవర్‌కి కలిపినా 5.1 వస్తోంది. కాబట్టి వైరింగ్‌లో తప్పు లేదనే నా నమ్మకం. చిక్కంతా టీవీలోని యాప్‌లతోనే. 5.1 అనే గుర్తు ఉన్న సినిమా పెట్టినా రిసీవర్ డిస్‌ప్లే మీద ‘పీసీఎం 2.0’ (అంటే రెండు చానెళ్ల స్టీరియో) అనే పడుతోంది. వెనక స్పీకర్ జాలీకి చెవి ఆనించి విన్నాను, చిన్న సవ్వడి కూడా లేదు.

టీవీని రిసీవర్‌కి హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీతో (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ కేబుల్ మీదే రిసీవర్‌కి పంపే దారి) కలిపాను. పీసీఎం అయితే ఏఆర్‌సీలో రెండు చానెళ్లే వెళ్తాయని తెలిసి, టీవీ డిజిటల్ అవుట్‌పుట్‌ని ‘ఆటో’కి మార్చాను. అప్పుడు ‘డాల్బీ డిజిటల్ ప్లస్’ (5.1 శబ్దాన్ని పంపగల ఒక ఫార్మాట్) అని మూడు సెకన్లు కనిపించి, శబ్దం టక్కున ఆగి, మళ్లీ పీసీఎంకే వచ్చేస్తోంది. ప్రతిసారీ ఇంతే. కొత్త కేబుల్ వేశాను, సీఈసీ (ఒకే రిమోట్‌తో రెండింటినీ నడిపే సదుపాయం) ఆపి ఆన్ చేశాను, రెండింటి ప్లగ్గులూ తీసి అరగంట ఉంచాను, టీవీని ఫ్యాక్టరీ రీసెట్ కూడా చేశాను. ఫలితం లేదు.

ఆప్టికల్ కేబుల్ పెడితే మాత్రం మామూలు డాల్బీ డిజిటల్ 5.1 నిలకడగా వస్తోంది. కానీ టీవీ రిమోట్‌తో వాల్యూమ్ పనిచేయదు. పగలంతా టీవీ చూసేది అమ్మ, రెండు రిమోట్లతో ఆవిడకి చాలా ఇబ్బందిగా ఉంది.

ఏఆర్‌సీ మీదే ఉంచి, డాల్బీ డిజిటల్ ప్లస్ బదులు మామూలు డాల్బీ డిజిటల్‌నే పంపేలా టీవీలో ఏ సెట్టింగ్ మార్చాలి?