సింహాద్రి అప్పన్న దర్శనం: అక్షయ తృతీయకే వెళ్లాలా? చందనం, కప్పస్తంభం, గిరి ప్రదక్షిణ సందేహాలు

ముక్కోటి_దీపం (ప్రశ్న)

నమస్కారమండి. అమ్మానాన్నలను సింహాచలం తీసుకెళ్లాలి. మిగతా రోజుల్లో స్వామి రూపం కనపడదు కాబట్టి అక్షయ తృతీయకే వెళ్దామని నాన్నగారి పట్టు. అమ్మకేమో మోకాళ్ల నొప్పులు, క్యూలో ఎక్కువసేపు నిలబడలేదు. అసలు స్వామికి చందనం ఎందుకు పూస్తారు? ఏడాదికి ఒక్కసారే పూస్తారా? కప్పస్తంభం దగ్గర ఏం చేయాలి? గిరి ప్రదక్షిణ ఎటు నుంచి మొదలుపెట్టాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

అడవివరం_దారి

చందనంలో ఉన్న స్వామిని చూస్తే దర్శనం సగమే అయినట్టు అనుకోకండి. ఆయనకు అదే నిత్యరూపం. ఏడాది పొడవునా అర్చనలు, మొక్కులు అన్నీ ఆ రూపానికే.

స్థలపురాణం తెలిస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ప్రహ్లాదుణ్ణి సముద్రంలో పడేసి పైన కొండ మోపినప్పుడు స్వామి ఒక్క ఉదుటున దూకాడట. ఆ ఊపుకు పాదాలు భూమిలో దిగబడ్డాయంటారు. మూలవిరాట్టు పాదాలు కనపడకపోవడానికి చెప్పే కారణం అదే. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు పూజల్లేక స్వామి చుట్టూ పుట్ట పెరిగింది. ఊర్వశితో కలిసి విమానంలో వెళ్తున్న పురూరవుడు ఇక్కడ దిగి, పుట్టమన్ను తొలగించి స్వామిని చూశాడు. అప్పుడు, తీసిన మన్నుకు సరితూగే చందనం పూయమని, వైశాఖ శుద్ధ తదియ (అక్షయ తృతీయ) నాడు మాత్రమే నిజరూపం కనపడనివ్వమని ఆకాశవాణి పలికింది. కాబట్టి ఆ చందనం అలంకారం కోసం పూసేది కాదు, పుట్టమన్నుకు బదులు.

పూత ఒక్కసారితో అయిపోదు. చైత్ర బహుళ ఏకాదశి నాడు పూజ చేసి ఆలయంలోనే సానల మీద చెక్కల అరగదీత మొదలుపెడతారు. ఒక్కో విడతకు మూడు మణుగుల పచ్చి చందనం, అంటే సుమారు 125 కిలోలు కావాలి. అందులో సుగంధద్రవ్యాలు కలుపుతారు. తదియ నాడు తెల్లవారకముందే వెండి బొరిగెలతో (గీకే పనిముట్లతో) పాత చందనం ఒలిచి, శిరస్సు మీద, వక్షస్థలం మీద చందనపు ముద్దలు ఉంచి నిజరూప దర్శనం ఇప్పిస్తారు. వరాహ ముఖం, మనిషి దేహం, సింహపు తోక అప్పుడు తెలుస్తాయి. తొలి దర్శనం అనువంశిక ధర్మకర్తలైన పూసపాటివారిది. రాత్రి గంగధార నీటితో సహస్ర ఘటాభిషేకం జరిగాక మొదటి విడత పూస్తారు. మిగతా మూడు విడతలు వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు. మొత్తం పన్నెండు మణుగులు, దాదాపు 500 కిలోలు. లింగాకారంలో నిండుగా కనపడేది నాలుగో విడత తర్వాతే.

అమ్మగారి మోకాళ్లను బట్టి చూస్తే తదియ వద్దనే అంటాను. మండే ఎండ, గంటల తరబడి క్యూ, పైకి వెళ్లే బండ్ల మీద ఆంక్షలు, స్వామి ముందు నిలిచేది క్షణకాలం. ఆషాఢ పౌర్ణమి దాటాక శని ఆదివారాలు కాని రోజు చూసుకుని ఘాట్ రోడ్డు మీదుగా వెళ్లండి. మెట్లదారిలో వెయ్యికి పైగా మెట్లుంటాయి, ఆమెకు కష్టం.

శాసనాల_సంచి

పైన చెప్పినదానికి కొంచెం చరిత్ర కలుపుతాను. ఇక్కడ దొరికిన పాత శాసనాల్లో ఒకటి కులోత్తుంగ చోళుడి కాలానిది, 11వ శతాబ్దం చివరిది. ఇప్పుడు మనం చూసే ప్రధాన కట్టడం తూర్పు గంగరాజు మొదటి నరసింహదేవుడి కాలపు పని, 13వ శతాబ్దం. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో 1516లో వచ్చి స్వామికి ఆభరణాలు ఇచ్చినట్టు శాసనం ఉంది. గుడి పడమటి ముఖంగా ఉంటుంది, లోపలికి వెళ్లేటప్పుడు గమనించండి. పూర్వం లింగమనుకుని పూజించేవారని, రామానుజులు వచ్చి మార్చారని ఒక కథ బాగా తిరుగుతోంది. దాన్ని కథగానే వినండి, శాసనాలతో కలిపి చెప్పొద్దు.

గుడి లోపలున్న కప్పస్తంభం సంగతి. దాని కింద సంతానగోపాల యంత్రం ఉందని నమ్మకం. మొక్కుకున్నవాళ్లు అక్కడ కప్పం, అంటే కానుక, చెల్లించేవారు కాబట్టి కప్పపు స్తంభం, వాడుకలో కప్పస్తంభం అయింది. ముందు కానుక చెల్లించి, తర్వాత స్తంభాన్ని రెండు చేతులా కౌగిలించుకుని కోరిక చెప్పుకోవాలి. చాలామంది హడావుడిలో ముట్టుకుని వెళ్లిపోతారు. సంతానం కోరేవారు దంపతులుగా వెళ్లడం ఆనవాయితీ. రైతు కుటుంబాలు కోడెదూడను సమర్పించే మొక్కు కూడా ఈ కొండదే. మొక్కి కన్న పిల్లలకు అప్పన్న, సింహాచలం, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ అని పేర్లు పెట్టడం ఉత్తరాంధ్ర అంతటా ఉంది.

మెట్లదారి

గిరి ప్రదక్షిణ ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు. దూరం సుమారు 32 కిలోమీటర్లు. కొండ కింద తొలిపావంచా (మెట్లదారిలో మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరాలి. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, జోడుగుళ్లపాలెం, అప్పూఘర్, సీతమ్మధార, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా తిరిగి తొలిపావంచాకే చేరాలి. ఎటు వెళ్లాలో సందేహం వస్తే ఒకటే గుర్తు: కొండ ఎప్పుడూ మీ కుడిచేతి వైపే ఉండాలి. అప్పూఘర్ దగ్గర చాలామంది సముద్రస్నానం చేస్తారు. ఆషాఢంలో అలలు జోరుగా ఉంటాయి, ఒడ్డునే మునగండి.

నడక తేడా కొట్టేది ఎక్కువగా మొదటి పది కిలోమీటర్లలోనే. ఉత్సాహంలో పరుగులాంటి నడక నడిచి, గోపాలపట్నం వచ్చేసరికి కాళ్లు పట్టేస్తాయి. ఇంకొకటి చెప్పులు. మొక్కు ప్రకారం ఉత్త కాళ్లతోనే నడుస్తారు, మధ్యాహ్నం మూడుకు ముందు బయల్దేరితే తారు రోడ్డు అరికాళ్లను బొబ్బలెక్కిస్తుంది. పొద్దు వాలాక మొదలుపెట్టి రాత్రంతా నడిచేవాళ్లకు ఈ బాధ తక్కువ. తడి బట్టలతో నడిస్తే తొడలు ఒరుసుకుంటాయి, పొడి పంచె ఒకటి సంచిలో పెట్టుకోండి. దారి పొడవునా జనం నీళ్లు, మజ్జిగ, పులిహోర పంచుతారు, తిండి మోయనక్కర్లేదు.

ముక్కోటి_దీపం

చాలా సంతోషమండి. నాన్నగారికి పుట్టమన్ను కథ చదివి వినిపించాను, శ్రావణంలో వెళ్దామన్నారు. ఒక్కటే మిగిలింది. చందన ప్రసాదం ఇంట్లో ఎలా ఉంచాలి?

అడవివరం_దారి

స్వామి మీద నుంచి ఒలిచిన చందనమే అది. బాగా ఆరనిచ్చి, తడి తగలని చిన్న డబ్బాలో దేవుడి దగ్గర పెట్టండి. బొట్టుకు కావలసినంత మటుకే వేరే గిన్నెలో తీసుకుని నీటిచుక్కతో రంగరించాలి. తడివేలు డబ్బాలో పెడితే నాలుగు రోజుల్లో బూజు పడుతుంది.